వంద రూపాయల స్తంభం: కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారాలు.

కావలి చుట్టుపక్కల మండలాల్లో సి కేటగిరీ లైసెన్సుతో, అంటే చిన్న ప్రాంతానికే పరిమితమైన లైసెన్సుతో, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న సంస్థ నాది. కనెక్షన్లు 1,100 దాకా ఉన్నాయి. తీగలు అతికే ఇద్దరు స్ప్లైసింగ్ కుర్రాళ్లు, బిల్లులు చూసే మా ఆవిడ, నేను, ఇదే మా సిబ్బంది. కమ్యూనికేషన్లు, గ్రామీణాభివృద్ధి రెండూ మీరు చూసే శాఖలే కనుక, పైగా తెలుగులో రాస్తే మధ్యలో అనువాదకుడి అవసరం ఉండదు కనుక, ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

పోయిన వేసవిలో ఒక తెల్లవారుజామున అల్లూరు వైపు నుంచి వరసగా ఫోన్లు మొదలయ్యాయి. అక్కడి రైతులు రాత్రిపూట ఇంట్లోంచే, రొయ్యల గుంటల దగ్గర నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో కెమెరాల్లో చూసుకుంటారు. నెట్ పోతే బండేసుకుని గట్టుకు పరుగెత్తాల్సిందే. మేం వెళ్లేసరికి పద్నాలుగు కరెంటు స్తంభాల మధ్య మా తీగ ముక్కలై రోడ్డు పక్కన పడి ఉంది. ఫైబరు ఒకచోట తెగితే అరగంటలో అతికిస్తాం, కానీ ప్రతి స్తంభం దగ్గరా కోసినదాన్ని అతకడం కన్నా కొత్తది లాగడమే చవక. అనుమతి లేని తీగలు తీసేయమని పైనుంచి మాట వచ్చిందని, అందుకే విద్యుత్ సిబ్బంది కోశారని తర్వాత తెలిసింది.

అనుమతి మేం అడగలేదని కాదు. 2022 ఆగస్టులో రైట్ ఆఫ్ వే నియమాలను, అంటే తీగలు వేసుకునే దారి హక్కు నియమాలను, సవరించినప్పుడు, కరెంటు స్తంభాల్లాంటి వాటి మీదుగా తీగ లాగితే ఒక్కోదానికి ఏడాదికి 100 రూపాయలని కేంద్రమే రేటు నిర్ణయించింది. ఆ కాగితం నకలుతో సహా దరఖాస్తు పట్టుకుని వెళితే, ఒక కార్యాలయంలో మాకు ఇంకా ఆదేశాలు రాలేదన్నారు, మరో కార్యాలయంలో దానికి ఎన్నో రెట్లు చెప్పి, అదీ అడ్వాన్సుగా కట్టమన్నారు. తర్వాత 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, దాని కింద కొత్త రైట్ ఆఫ్ వే నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. స్తంభాలు రాష్ట్రానివి, నియమాలు కేంద్రానివి. ఈ రెండింటి మధ్యా మా దరఖాస్తు నలుగుతోంది. పెద్ద కంపెనీలైతే రాజధానిలో కూర్చుని రాష్ట్రమంతటికీ ఒకేసారి ఒప్పందం రాయించుకుంటాయి, మా దగ్గర అంత దూరం వెళ్లి కూర్చునే మనిషే లేడు.

మా వైపు తప్పు లేదని అనను. ఊళ్లలో తలకు తగిలేంత కిందికి జారిన తీగలున్నాయి, ఎప్పుడో ఆపేసిన కనెక్షన్ల చచ్చు తీగలు ఇంకా స్తంభాల మీదే వేలాడుతున్నాయి, వాటి వల్ల లైన్‌మన్ నిచ్చెన వేసుకోవడానికి కూడా ఇబ్బంది పడుతున్నాడు. ఎవరి తీగ ఏదో తెలిసేలా ట్యాగు కట్టమనండి, ఇంత ఎత్తున ఉండాలని చెప్పండి, నోటీసిచ్చి గడువు పెట్టండి, ఆ గడువు దాటితే కోసేయండి. విద్యుత్ సిబ్బందితో మాకు పేచీ లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లాలో స్తంభాలు కూలితే, విద్యుత్ సిబ్బంది కొత్త స్తంభం నిలబెట్టేదాకా మా కుర్రాళ్లు వాళ్ల వెంటే తాళ్లు పట్టుకుని తిరిగారు.

ఇక లెక్కల విషయం. 400 రూపాయల ప్లాను మీద వినియోగదారుడు 18 శాతం జీఎస్టీ, అంటే 72 రూపాయలు, అదనంగా కడతాడు. అది వేరే శాఖది, వదిలేస్తాను. మిగిలిన 400లో ఇతర రాబడి లేని మా బోటివాళ్లం సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం (కొన్ని మినహాయింపులు పోను మిగిలిన రాబడి) మీద 8 శాతం చొప్పున 32 రూపాయలు లైసెన్సు ఫీజు కట్టాలి. అందులో 5 శాతం పల్లెలకు టెలికాం సేవలు చేర్చే నిధికి, అంటే ఇప్పటి డిజిటల్ భారత్ నిధికి, చెందిన వాటా. పల్లెకు తీగ లాగుతున్న మేమే పల్లెకు తీగ రావాలని చందా కడుతున్నామన్నమాట! స్థిర బ్రాడ్‌బ్యాండ్ పెంచేవారికి లైసెన్సు ఫీజు మినహాయింపును ప్రోత్సాహకంగా ఇవ్వాలని 2021 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. మా బిల్లు మీద ఆ మేలు నాకింకా కనబడలేదు.

లాగుల భారం, అంటే ఎవరు ఎప్పుడు నెట్ వాడారో దాచిపెట్టే రికార్డుల భారం, దానికి తోడు. మాకున్న ఐపీ అడ్రసులు, అంటే నెట్‌లో గుర్తింపు నంబర్లు, చాలా తక్కువ, ఒక్కో అడ్రసును పదుల ఇళ్లు పంచుకుంటాయి. కాబట్టి ఏ క్షణంలో ఏ ఇల్లు ఏ పోర్టు (ఆ అడ్రసులో ఆ ఇంటి వాడకాన్ని విడిగా గుర్తించే నంబరు) వాడిందో రాసిపెట్టుకోవాలి. 2021 డిసెంబరు లైసెన్సు సవరణ ఈ దాచే గడువును ఏడాది నుంచి రెండేళ్లు చేసింది. దుకాణం వెనక గదిలో మా ఏసీ, ఇన్వర్టరు పనిచేసేది నెట్ పంచే పెట్టెకన్నా ఎక్కువగా ఈ డిస్కుల కోసమే. ఒకసారి సైబర్ మోసం కేసులో ఎస్సై గారు అడిగితే పది నిమిషాల్లో వివరం తీసి ఇచ్చాం, కనుక ఆ పని దండగని నేననను. ఐదు వందల ఇళ్లవాడూ ఐదు కోట్ల ఇళ్లవాడూ ఎవరి ఖర్చుతో వాళ్లే అంత దాచాలనడం మాత్రం అన్యాయం. లాగులు భద్రంగా ఉంచే ఉమ్మడి ఏర్పాటు జిల్లాకొకటి మీ శాఖే చేయిస్తే, మా వంతు అద్దె మేం కడతాం.

మీ శాఖ తరఫున రాష్ట్ర ప్రధాన కార్యదర్శి గారికి ఒక ఉత్తరం వెళ్లాలి: స్తంభానికి ఏడాదికి ఎంత కట్టాలో, దరఖాస్తు ఎవరు తీసుకోవాలో, ఎన్ని రోజుల్లో తేల్చాలో అందులో ఉండాలి, ఆ ఉత్తరం కావలి సబ్‌డివిజన్ ఆఫీసు నోటీసు బోర్డు దాకా చేరాలి. సి కేటగిరీ వాళ్లకు లైసెన్సు ఫీజు విషయం, లాగుల విషయం ఆ తర్వాతైనా చూడండి. స్తంభం లేకపోతే ఆ రెండింటితో మాకు పని లేదు.

అల్లూరు దరఖాస్తు నకలు, కోసిన తీగ ఫొటోలు, గత మూడేళ్ల లైసెన్సు ఫీజు రసీదులు రిజిస్టర్డ్ పోస్టులో మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
కావలి నుంచి ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థ యజమాని