ఇన్నేళ్లు ఏం చేశావని అడగొద్దు

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండ డివిజన్‌లోని ఒక ఊళ్లో నేను బట్టలు కుడతాను. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకామె రాయమంటేనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఎండాకాలంలో జాకెట్టు గుడ్డ తెచ్చి, "అక్కా, చేతులు మోచేతి కిందికి పెట్టు" అంది. ఈ ఎండలకు ఉడకదా అంటే మాట్లాడలేదు. కొలతకు టేపు చుట్టగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. భుజం కింద నాలుగు వేళ్ల గుర్తులు, కమిలి నల్లగా ఉన్నాయి.

పదకొండేళ్ల కాపురం. మూడుసార్లు పెద్దమనుషుల్లో పెట్టారు. ప్రతిసారీ అతను తప్పయిందన్నాడు, వాళ్లు సర్దుకుపొమ్మన్నారు. తమ్ముడి పెళ్లి కానీయమని తల్లిగారోళ్లు ఆపారు. అతను జైలుకు పోతే ఇంటి కిరాయి ఎవరు కడతారని ఆమే ఆగింది. ఏదో ఒక కారణానికి భర్త కొట్టొచ్చని మన రాష్ట్రంలో నూటికి 84 మంది ఆడవాళ్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పారు. ఈమె కూడా మొదట్లో "నేనే ఎదురు మాట్లాడిన" అనేది.

స్టేషన్‌కు పోయింది బాగా దెబ్బలు తిన్న రోజు కాదు. ఎనిమిదేళ్ల కొడుకు అన్నం ఆలస్యమైందని కంచం విసిరేసి, తండ్రి తిట్టే మాటే ఆమెను తిట్టాడు. ఆ సాయంత్రం మా గడప మీద కూర్చుని, "దెబ్బలకు కాదక్కా, వీడు నేర్చుకుంటున్నడు. పా, పోదాం" అంది. మిషన్ మీద గుడ్డ అట్లనే వదిలేసి ఆమెతో పోయాను.

అక్కడ అడిగిన మొదటి మాట, "ఇన్నేళ్లు ఏం జేసినవ్?" ఆమె తల వంచుకుని కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడింది. నాకు కడుపు రగిలిపోయింది. తర్వాత, "కేసు పెడితే లోపలేస్తం, రేపు నువ్వే విడిపించమని వస్తవ్" అన్నారు. ఆమెకు కావాల్సింది అతను లోపల పడటం కాదు. ఆ రాత్రి అతను చెయ్యెత్తకుండా ఉండటం. అందుకే కదా 2005లో గృహహింస చట్టం వచ్చింది! కొట్టకుండా, ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఈ సంగతి, ఉచిత న్యాయసాయం సంగతి ఫిర్యాదుకు వచ్చినామెకు పోలీసులే చెప్పాలని ఆ చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. మాకెవరూ చెప్పలేదు. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే తెలిసింది.

ప్రతి స్టేషన్‌లో ఇది తెలుగులో, పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించాలని జిల్లా పోలీసు అధికారులను వేడుకుంటున్నాను. ఇట్లాంటి ఆడమనిషి వస్తే ముందు కూర్చోబెట్టి, "ఇవాళ రాత్రి ఇంటికి పోవాలంటే భయంగా ఉందామ్మా?" అని అడగండి.

– ఒక టైలర్, నల్లగొండ జిల్లా
(నా పేరు వేస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది. దయచేసి వేయొద్దు.)