ఆ ఓడలో మా తాతగారు ఉన్నారా, లేరా? రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మా అర్జీలు తమరి బల్ల దాకా వచ్చి ఉండవనే అనుకుంటున్నాం. వచ్చి ఉంటే ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అన్న ఒకే వాక్యం మాకు అన్నిసార్లు చేరేది కాదు.

మేము పింఛను అడగలేదు, పతకం అడగలేదు. బ్రిటిషు వారి కాలంలో మన నౌకాదళపు ఓడల పేర్ల ముందు వేసే ‘హెచ్.ఎం.ఐ.ఎస్.’తో పిలిచిన హెచ్.ఎం.ఐ.ఎస్. బెంగాల్ అనే మైన్‌స్వీపర్‌లో, అంటే సముద్రంలోని మందుపాతరలు ఏరివేసే ఓడలో, మా తాతగారు బాయిలర్ల దగ్గర పనిచేశారు. ఆయన సర్వీసు రికార్డు నకలు ఒక్కటి ఇప్పించమన్నాం. సర్వీసు నంబరు రాయండి అన్నారు. ఆ నంబరు ఉండేది ఆ రికార్డులోనే కదండీ! పోనీ అని ఫొటో పంపాం. తెల్ల చొక్కా, టోపీ చుట్టూ నల్ల రిబ్బను, దాని మీద ‘హెచ్.ఎం.ఐ.ఎస్.’ అన్న అక్షరాలు మాత్రమే. ఓడ పేరు లేదు కనుక చెల్లదట. యుద్ధకాలంలో శత్రువుకు తెలియకూడదని రిబ్బను మీద ఓడ పేరు వేసేవారు కాదు. జపాన్ వాళ్లకు తెలియకుండా దాచిన పేరును ఇప్పుడు మా దగ్గర దాస్తున్నారు.

బెంగాల్ సంగతి తమరికి తెలియనిది కాదు. 1942 నవంబరు 11న, సిడ్నీలో సేవలోకి వచ్చిన మూడు నెలలకే, ఒండినా అనే డచ్చి ట్యాంకరుకు కాపలాగా హిందూ మహాసముద్రంలో వెళుతుండగా రెండు జపాన్ సాయుధ నౌకలు మీదికి వచ్చాయి. ఒక్కొక్కటి పదివేల టన్నుల పైమాటే, 140 మి.మీ. ఫిరంగులు. మనదానికి ఉన్నది ఒక్క 76 మి.మీ. ఫిరంగి. అయినా ట్యాంకరును తప్పించుకోమని చెప్పి, తాను ఎదురెళ్లింది. ఆ జపాన్ నౌకల్లో ఒకటైన హొకొకు మారు పేలి మునిగిపోయింది. దాన్ని ముంచిన గుండు బెంగాల్‌దా, ఒండినాదా అన్న వాదన నేటికీ తెగలేదు, తెగకపోయినా మాకు చింత లేదు. బెంగాల్, ఒండినా రెండూ ఒడ్డు చేరాయి.

అదే ఏడాది ఏప్రిల్‌లో మా విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఇదే విశాఖ తీరాన కురుసుర జలాంతర్గామిని చక్కగా నిలబెట్టారు, సంతోషం. బెంగాల్‌ను మాత్రం 1960లో ముక్కలు చేశారు. ఆస్ట్రేలియా ఈ తరగతి ఓడలు 60 కట్టి, కాసిల్‌మెయిన్, వయాలా అనే రెంటిని మ్యూజియాలుగా కాపాడుకుంది. మనకు వచ్చినవి నాలుగే, వాటిలో ఒక్కటీ మిగల్చలేదు. ఓడను ఎలాగూ తెచ్చివ్వలేరు, ఆనాటి సిబ్బంది జాబితా అయినా బయటపెట్టించండి. ఎక్కడో ఒక బీరువాలో ఉండే ఉంటుంది కదా?

మా నాన్నగారికి ఎనభై దగ్గరపడ్డాయి. పోస్టు వచ్చిందా అని రోజూ అడుగుతారు. దయచేసి ఆ నకలు ఇప్పించండి. లేదంటే లేదని, పోయిందంటే పోయిందని, చెదలు తిన్నాయంటే చెదలు తిన్నాయని సంతకం పెట్టి రాసివ్వమనండి. అదైనా ఆయనకు చదివి వినిపిస్తాం.

ఇట్లు,
ఒక నావికుడి మనవడు,
విశాఖపట్నం