బెయిల్ వచ్చినా జైల్లోనే

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖ జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చే ముద్దాయిల్లో ఎక్కువమంది గంజాయి కేసుల వాళ్లే. మన్యంలోని చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు నుంచి కూలికి మూటలు మోసినవాళ్లు, ఆటో తోలినవాళ్లు. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం బోనులో కనపడడం అరుదు.

సరుకు 20 కిలోలు దాటితే మత్తుపదార్థాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలోని సెక్షన్ 37 బెయిల్‌కు అడ్డుపడుతుంది. దాని సంగతి వేరు. అంతకంటే తక్కువ సరుకుతో దొరికి, కోర్టు బెయిల్ ఇచ్చాక కూడా అడవివరం సెంట్రల్ జైలు గేటు దాటలేని వాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇద్దరు షూరిటీలు, అంటే ముద్దాయికి పూచీ ఉండేవాళ్లు, కావాలని బెయిల్ ఉత్తర్వులో ఉంటుంది. వాళ్లకు ఆస్తి కాగితం ఉండాలి. మన్యంలో చాలామందికి ఉన్నది అటవీ హక్కుల పట్టా ఒక్కటే. 2006 చట్టం ప్రకారం ఆ భూమి వారసులకు దక్కుతుందే గానీ అమ్మడానికీ, బదలాయించడానికీ వీల్లేదు. మరి కోర్టుకు ఏం చూపించాలి? పాడేరు ఘాట్ దిగి వచ్చిన తండ్రి, మేనమామ ఈ కాగితాలు చాలవన్న మాట విని సాయంత్రం బస్సుకే వెనక్కి వెళ్లిపోతారు. కూలి పోయింది, ఛార్జీలు పోయాయి, పిల్లవాడు లోపలే ఉన్నాడు. వాళ్ల ముఖం చూసి ఏం చెప్పాలో ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు తెలియలేదు.

ఇది చట్టంలో లోటు కాదు. ఒక తాపీమేస్త్రీ సోదరుడు వేరే జిల్లావాడని మేజిస్ట్రేటు షూరిటీగా ఒప్పుకోకపోతే, 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తప్పుపట్టారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరింత వివరంగా చెప్పింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెల దాటినా షూరిటీలు పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను పరిశీలించవచ్చు. స్థానిక షూరిటీల కోసం పట్టుబట్టవద్దని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది.

పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి 40 వేల రూపాయల వరకు జామీను సొమ్ము కట్టే వీలు అప్పట్లో కల్పించింది. చాలా మంచి పని. కానీ ఎన్‌డీపీఎస్ కేసులను మార్గదర్శకాల్లోనే మినహాయించారు. మన ప్రాంతంలో ఆ సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందకుండా పోయింది.

గంజాయి ముద్దాయిలు బయటికొస్తే పారిపోతారని అంటారు. అలాంటివాళ్లు లేరనను. అయితే వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టే షరతు ఉండనే ఉంది. పోడు పొలం, రేషన్ కార్డు, పెళ్లాం పిల్లలు ఒకే ఊళ్లో ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు?

తోటి న్యాయవాదులకు నా మనవి ఇది. మన సమస్యలు వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఒక్కటై విధులు బహిష్కరించగలిగాం. ఈ విషయంలోనూ అదే ఐక్యతతో బార్ అసోసియేషన్లన్నీ, బార్ కౌన్సిల్ కలిసి అమరావతిలో హైకోర్టుకు విన్నవించాలి. ఏజెన్సీ ముద్దాయిలకు సొంత పూచీకత్తు, లేదా పట్టాదారు కుటుంబ సభ్యుల పూచీకత్తు చాలునని సర్క్యులర్ ఇవ్వాలని కోరాలి. బెయిల్ వచ్చి నెల దాటినా విడుదల కానివాళ్ల జాబితా ప్రతి నెలా జిల్లా జడ్జి ముందుకు రావాలి. కేంద్ర పథకం వదిలేసిన వాళ్లకు జామీను సొమ్ము రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. విశాఖ, అనకాపల్లి, పాడేరు బార్లు ముందు కదిలితే, ముసాయిదా రాసే పని నేను తీసుకుంటాను.

— ఒక క్రిమినల్ న్యాయవాది, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం