మా జిప్సీకి షాఫ్ట్ అడిగితే మీరిచ్చింది ఏడు టికెట్ నంబర్లు

విడిభాగాల ఆన్‌లైన్ అమ్మకాల విభాగం బాధ్యులకు,

అయ్యా,

తప్పు సరుకు ఎవరికైనా వస్తుంది. పాత బండి పెట్టుకున్నవాళ్ళకి అది అలవాటే, దానికి కోపం లేదు. వచ్చింది తప్పు సరుకని చెప్పుకోవడానికి 26 రోజులుగా మీ చుట్టూ తిరుగుతున్నాను, ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా వినలేదు. కోపమంతా అక్కడే.

నేనడిగింది 1998 మోడల్ మారుతి జిప్సీ కింగ్, ఎంజీ413డబ్ల్యూ, ముందు యాక్సిల్‌కి పొడుగు వైపు షాఫ్ట్, అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ, జాయింట్‌తో సహా. రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల డబ్బా, అదే డిఫరెన్షియల్, మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంటుంది కనుక రెండు షాఫ్టులూ ఒకే పొడవుండవని ఆర్డర్‌లోనే రాశాను. ఛాసిస్ నంబరూ ఇచ్చాను. వచ్చింది 1993కి ముందు బండిది. ఆ ఏడాది ట్రాకు, అంటే కుడి ఎడమ చక్రాల మధ్య దూరం, 90 మిల్లీమీటర్లు పెంచారు, పేరు చివర డబ్ల్యూ చేరిందప్పుడే. డబ్ల్యూ అంటే వైడ్. మీవాళ్ళు మాత్రం వెయిటింగ్ అని చదువుకున్నట్టున్నారు.

పాతదీ కొత్తదీ గోనెసంచి మీద పక్కపక్కన పడుకోబెట్టి, జాయింట్లు రెండూ ఒక వరసకి జరిపి, పక్కన టేపు పరిచి ఫొటో తీశాను. కొత్తదాని పళ్ళు పాతదాని పళ్ళ దాకా రానే లేదు. ఏది పొట్టో చంటిపిల్లాడైనా చెబుతాడు. మీ జవాబు: "ఇమేజ్ క్లియర్‌గా లేదు." ఎండలో పెట్టి మళ్ళీ తీసి పంపాను. "వీడియో పంపండి." నేల మీద పడున్న ఇనప కడ్డీ వీడియోలో ఏం చేస్తుందండీ, కూచిపూడి ఆడుతుందా? సరే, అదీ పంపాను. మర్నాడు టికెట్ మూసేశారు. కారణం: "కస్టమర్ నుంచి స్పందన లేదు."

ఇక ఫోన్లు. తెలుగుకి 2 నొక్కమంటే నొక్కాను. పద్దెనిమిది నిమిషాలు పాట వినిపించి హిందీలో పలికారు. మొదటావిడ ఇది ఆల్టోకా, స్విఫ్ట్‌కా అన్నారు. జిప్సీ అంటే స్పెల్లింగ్ అడిగారు. రెండో ఆయన, మీ బండి మా లిస్టులో లేదన్నారు. లిస్టులో లేని బండికి డబ్బులెలా పట్టుకున్నారని అడిగితే లైను కట్. మూడో ఆయన కాస్త నయం, సమస్యేమిటని అడిగారు. ఫోర్‌వీల్ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే జాయింట్ టకటకమంటోంది, టూవీల్‌లోకి మార్చి, చక్రాన్ని షాఫ్ట్‌కి కలిపే హబ్బులు ఫ్రీలో పెడితే షాఫ్ట్ తిరగదు కనుక చప్పుడుండదు, జాయింట్ అరిగిందనడానికి అదే గుర్తు అని చెప్పాను. అంతా విని, "ఆ సౌండ్ రికార్డ్ చేసి పంపండి సార్" అన్నారు. బండి స్టాండ్ల మీదుంది, షాఫ్ట్ బయటుంది, హబ్బు ట్రేలో ఉంది. పొట్ట కోసి బల్ల మీద పడుకోబెట్టినవాణ్ణి ఒకసారి దగ్గి చూపించమన్నట్టుంది.

నాలుగో ఆయన ఏకంగా మెకానిక్ అయిపోయారు. షాఫ్ట్ లేకుండా టూవీల్‌లో తిప్పుకోండి అని సలహా. చక్రం బేరింగులు షాఫ్ట్ మీద కాక స్పిండిల్ అనే గొట్టం మీద ఉంటాయి కనుక బండి కదులుతుంది, ఆ మాట నిజమే. కానీ షాఫ్ట్ లాగేశాక హౌసింగ్ చివరి ఆయిల్ సీలు మధ్యలో రంధ్రం తెరిచే ఉంటుంది. ముందు డిఫరెన్షియల్లో రెండు లీటర్ల గేర్ ఆయిల్. మలుపు తిరిగినప్పుడల్లా అది చక్రం పక్కకి తిరిగే కీలులోకి, అదే నకుల్‌లోకి దిగి, గ్రీజుతో కలిసి అంబలై, నకుల్ సీలు దాటి బ్రేకు డిస్కు మీదకొస్తుంది. అలా పాడేరు ఘాట్ దిగమంటారా? పక్క సీట్లో ఆయన కూర్చుంటానంటే ఆలోచిస్తాను.

పదకొండేళ్ళుగా ప్రతి వానాకాలం ముందూ మీ దగ్గరే కొన్నాను. కింగ్‌పిన్ బేరింగులు, నకుల్ సీళ్ళు, కమాన్ కట్టల బుష్షులు, బిల్లులన్నీ ఉన్నాయి. మీకు యాప్ లేని రోజుల్లో కౌంటర్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. జిప్సీ అనగానే "వైడా, పాతదా?" అని ఆయనే ముందడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న మీ కొత్త పద్ధతిలో ఎక్కడా లేదు. పాత బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపని ఆర్టీఓ ఆఫీసుకెళ్తే అక్కడ కూడా ఛాసిస్ నంబర్ ఒక్కసారే అడిగారు. మీరు తొమ్మిదిసార్లు.

ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫిర్యాదుల అధికారి పేరు కూడా పెట్టాలి. మీ సైట్‌లో ఆ గడి ఖాళీ. నాలుగు రోజులాగి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అప్పటికీ ఉలకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్నవాడు ఉన్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు, రావలసింది మీరే. ఈ లోపు సరైన షాఫ్టూ, దానితో హౌసింగ్ ఆయిల్ సీలూ పంపి, పొట్టిదాన్ని మీ ఖర్చుతో తీసుకెళ్తారో, డబ్బు వాపసు చేస్తారో మీ ఇష్టం. పారబోసిన ఆయిల్ ఖర్చు నాదే అనుకుంటాను. కానీ జవాబు మాత్రం పేరున్న మనిషి రాయాలి.

పంపేముందు టేపు పెట్టి కొలవండి. మీ గోడౌన్లో టేపు లేకపోతే చెప్పండి, వెనక్కి పంపే డబ్బాలో ఒకటి వేస్తాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

జతపరిచినవి: ఫొటోలు 6, వీడియో 1, మీరు మూసేసిన టికెట్లు 7