పేరు రాయలేని పిన్నికి, ఇంకా చాలామందికి

అక్క ఇల్లు చేరింది. కువైట్ నుంచి చెన్నైకి, అక్కడి నుంచి కారులో రైల్వేకోడూరు మీదుగా ఊరికి. నిన్నటి నుంచి అందరూ ఫోన్లు చేస్తున్నారు, మెసేజులు పెడుతున్నారు. ఒక్కొక్కరికీ జవాబు చెప్పే ఓపిక లేదు. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. అందుకే ఒకేచోట రాసేస్తున్నా. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

ముందే ఒక మాట. ఇది అక్క చదివి "సరే, పెట్టు" అన్నాకే పెడుతున్నాను. కువైట్‌లో అక్క పనిచేసిన ఇంట్లో ఏం జరిగిందన్నది ఇందులో ఉండదు. పాస్‌పోర్టు, ఫోను లాక్కున్నారు, నెలల తరబడి జీతం ఇవ్వలేదు, కొట్టారు. ఇంతవరకు మీకు తెలుసు. మిగతాది చెప్పాలో వద్దో, ఎవరికి చెప్పాలో అక్క ఇష్టం. చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా దయచేసి తవ్వి తవ్వి అడగొద్దు.

అమ్మ, మా ఆయన, చిన్నాన్న, పిల్లలను ఇన్నాళ్లూ చూసుకున్న మేనత్త. వీళ్లకు థాంక్స్ అని రాస్తే నన్ను చూసి నవ్వుతారు. అక్కకు వాళ్లు చేయక ఇంకెవరు చేస్తారు.

నేను రాయాలనుకున్నది ఇంకో మనిషి గురించి. ఆమె పేరు రాయలేను, ఊరు రాయలేను. గోదావరి వైపు మనిషి అని మాత్రం ఆమె మాట వింటే ఎవరికైనా తెలిసిపోతుంది. మేం పిన్ని అంటాం. మా అమ్మకన్నా కాస్త చిన్నదేమో. కువైట్‌కు ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా వెళ్లి, చేస్తున్న ఇల్లు భరించలేక బయటికి వచ్చేసి, ఇప్పుడు అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) లేకుండా నాలుగిళ్లలో వంటా, క్లీనింగూ చేసుకుంటోంది. మనవాళ్లు ఖల్లివల్లి అంటారే, అలా. చెకింగులో దొరికితే లోపలేసి ఊరికి పంపేస్తారు. పారిపోయి వచ్చినవాళ్లకు చోటిస్తే అది ఇంకో నేరం. ఈ రెండూ ఆమెకు బాగా తెలుసు.

అక్క చెత్త పడేయడానికి బయటికి వచ్చినప్పుడు పక్కింట్లో పనిచేసే మన కడప డ్రైవరన్న ఒకసారి తన ఫోన్ ఇచ్చాడు. నాకు మొదటి కబురు అలా వచ్చింది. అక్క మాట్లాడింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. ఆ అన్నే పిన్నికి విషయం చెప్పాడు. పిన్ని మా అక్క ముఖం అప్పటిదాకా చూడలేదు. మా ఊరు కాదు, మా కులం కాదు, మా బంధువూ కాదు. ఒకరోజు తెల్లవారుజామున అక్క చెత్త సంచీతో బయటికి వచ్చి, తిరిగి లోపలికి వెళ్లలేదు. ఆ వీధి మలుపులో పిన్ని టాక్సీ మాట్లాడుకుని కూర్చుని ఉంది.

పిన్ని ఉండేది ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి ఒక గదిలో. బెడ్‌స్పేస్ అంటారు, మంచానికి ఇంత అని అద్దె. తన మంచం అక్కకిచ్చి తను కింద చాప మీద పడుకుంది. గదిలో ఉన్నవాళ్లకు భయం, ఎవరైనా చెప్పేస్తారేమోనని. వాళ్లను తప్పుపట్టను. వాళ్లలో ఒకామె భయపడుతూనే తన నైటీలు రెండు ఇచ్చింది. అక్క జుట్టు అట్టలు కట్టేసి ఉంటే పిన్ని నూనె పెట్టి, రాత్రి చాలాసేపు కూర్చుని వేళ్లతో విడదీసింది. ఏం జరిగిందమ్మా అని ఒక్క ప్రశ్న వేయలేదట. అక్క ఈ మాట నాతో మళ్లీ మళ్లీ చెప్తోంది: "ఆయమ్మ ఒక్కటీ అడగలేదు పాపా."

నాకు మాత్రం ప్రతి రాత్రీ వాయిస్ మెసేజ్ వచ్చేది. ఆమె పని ముగించుకుని వచ్చేసరికి అక్కడ పదకొండు దాటేది, అంటే ఇక్కడ ఒకటిన్నర. "కంగారు పడకే అమ్మాయ్. ఇయ్యాల చారన్నం రెండు ముద్దలెక్కువే తింది. పడుకుంది. నువ్వూ పడుకో." అంతే. పొడుగు మాటలు లేవు. ఆ మెసేజ్ వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ లైటు ఆర్పేవాళ్లం కాదు.

పిన్ని చేసిన ఇంకో పని గురించి తప్పకుండా చెప్పాలి. ఎందుకంటే ఇది వేరేవాళ్లకు పనికొస్తుంది. ఆమె అక్కతో కూర్చుని ఒక కాగితం రాయించింది. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పూర్తి పేరు, ఇల్లు ఏ ఏరియా, ఏ బ్లాకు, ఏ స్ట్రీటు, ఇంటి నంబరు, పనిలో చేరిన తేదీ, ఏ నెలల జీతం ఇచ్చారు, ఏ నెలలది ఇవ్వలేదు. అక్కకు ఇంటి నంబరు తెలియదు. అన్ని నెలలు ఉన్న ఇంటి చిరునామా తెలియదా అని ఇక్కడ కొందరు ఆశ్చర్యపోయారు. బయటికి పంపితే కదా తెలిసేది. ఆ వీధికి సరుకులు తెచ్చే బకాలా (కిరాణా కొట్టు) కుర్రాడు, బంగ్లాదేశ్ అతను, అడ్రసు చెప్పాడు. డ్రైవరన్న దాన్నంతా ఇంగ్లిషులో రాసిపెట్టాడు. ఎంబసీలో ఆ కాగితం చూసి, ఇన్ని వివరాలతో వచ్చేవాళ్లు తక్కువ అన్నారట. పని ముందుకు కదిలింది కూడా దానివల్లే.

ఎంబసీకి వెళ్లే రోజు అక్కకు ఒంటినిండా కప్పే తన అబాయా తొడిగి, టాక్సీలో వెంట వెళ్లింది. లోపలికి రాలేదు. రోడ్డుకు అవతల, ఎండలో నిలబడింది. కువైట్ ఎండ ఎట్లుంటుందో మన కడప వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఒకరు తిని వచ్చినవాళ్లే. అక్కను షెల్టర్లో చేర్చుకున్నారని లోపలి నుంచి కబురు వచ్చాకే కదిలింది. దారిలో ఒక్క పోలీసు కార్డు అడిగినా ఆమె పని అయిపోయేది. నాకు ఆ రాత్రి వచ్చిన మెసేజ్‌లో ఎండ గురించి లేదు, పోలీసుల గురించి లేదు. "లోపల ఏసీ ఉందంట. అన్నం కూడా పెడతారంట" అని ఉంది.

ఈలోగా యజమాని అక్క మీద పారిపోయిందని కేసు పెట్టాడు. అది తెమలడానికి చాలా పట్టింది. పాస్‌పోర్టు చివరికీ తిరిగి ఇవ్వలేదు, పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే అవుట్‌పాస్ మీదే వచ్చింది. జీతం సంగతి దేవుడికే ఎరుక. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో ఒక చట్టం వచ్చింది, 68వ నంబరు చట్టం. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. ఆ మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లు అన్నారు. ఇవన్నీ నేను ఇక్కడ కూర్చుని ఫోన్‌లో చదివి తెలుసుకున్నవి. అక్క అక్కడే ఉండి ఒక్కటీ వినలేదు.

విమానం ఎక్కే ముందు ఒక సంచీ పంపింది పిన్ని, షెల్టర్‌కు వెళ్లివచ్చే ఒక వాలంటీర్ చేతికిచ్చి. నిన్న ఇంట్లో విప్పితే నీడో పాలపొడి డబ్బా, ట్యాంగ్ ప్యాకెట్లు, టైగర్ బామ్, సబ్బులు, ఖర్జూరం, పిల్లలకు చాక్లెట్లు. కువైట్ నుంచి వచ్చేవాళ్లు ఏం తెస్తారో అన్నీ ఉన్నాయి. వీధిలో అందరూ చూస్తుండగా అక్క వట్టి చేతులతో కారు దిగకూడదని. పిల్లలు అమ్మ తెచ్చిందనే అనుకుంటున్నారు. ఇన్ని నెలలు ఆఫీసుల్లో, స్టేషన్లలో ఏడవని నేను ఆ నీడో డబ్బా పట్టుకుని ఏడ్చాను. మా ఆయన భయపడిపోయాడు.

డబ్బు పంపుతానంటే ఒప్పుకోలేదు. టాక్సీ ఖర్చులన్నా తీసుకో పిన్నీ అంటే తిట్టింది. కువైట్ 2024లో మార్చి నుంచి జూన్ నెలాఖరు దాకా క్షమాభిక్ష పెట్టింది కదా, అకామా లేనివాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని, అప్పుడే వచ్చేసి ఉండొచ్చు కదా అని అడిగాను. "వాళ్లు క్షమించారే అమ్మాయ్, అప్పులోడు క్షమించాలి కదా" అంది. కూతురి పెళ్లి అప్పు. ఆ పెళ్లి ఆమె చూసింది వీడియో కాల్‌లో.

నిన్న అక్క ఇల్లు చేరిందని చెప్పాక చాలాసేపటికి ఒక మెసేజ్ పెట్టింది. "ఇంక రాత్రిళ్లు నీకు చెప్పడానికి నా దగ్గర కబురేం లేదే. అలవాటైపోయింది." నేనే పెడతాను పిన్నీ, రోజూ. ఇయ్యాల నువ్వు ఏం తిన్నావో నువ్వు చెప్పు. (ఈ పోస్టు ఆమెకు చదివి వినిపిస్తాను. ఆమెను గుర్తుపట్టే వివరం ఏదైనా పొరపాటున పడిందనిపిస్తే వెంటనే నాకు చెప్పండి, తీసేస్తా.)

ఒక మనిషిని కాపాడిన మనిషి దాక్కుని బతకాల్సి రావడం ఏం న్యాయమో నాకు అర్థం కావడం లేదు. మా అక్కను ఎక్కించిన ఏజెంటు మాత్రం మొన్న కూడా సంతలో కనిపించాడు, తెల్ల చొక్కా వేసుకుని. మనవాళ్ల రూలు ఏమిటంటే, అక్కలాంటి ఇసిఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినది) ఉన్న ఆడమనిషి ముప్పై ఏళ్లు నిండకుండా గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్లకూడదు. 2016 నుంచి వెళ్లేవాళ్లు కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి, మన దగ్గర ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. మంచిదే, కాపాడాలనే పెట్టారు. కానీ బావ పోయాక నెత్తిన అప్పు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి ఆ రూలు అన్నం పెట్టదు కదా. మా మండలంలో ఓంక్యాప్ అంటే ఎవరికీ తెలియదు, ఏజెంటు నంబరు మాత్రం అందరి ఫోన్లలో ఉంది. వాడు విజిట్ వీసా మీద దుబాయికి ఎక్కించి, అక్కడి నుంచి కువైట్‌కు మార్చాడు. దాంతో పనికి విదేశాలకు వెళ్లేవాళ్ల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో అక్క పేరే లేదు. అలా వెళ్లేవాళ్లకు ఉండే పది లక్షల ప్రవాసీ బీమా లేదు. అడగడానికి మాకు కాగితం లేదు.

మొదట మేం వెళ్లిన ఆఫీసులో, ఊరు చెప్పను, "ఏజెంట్ లైసెన్స్ నంబర్ ఎంత?" అని అడిగారు. లైసెన్స్ ఉన్నవాడైతే మేం మీ దగ్గరికి వచ్చేవాళ్లమా సార్? స్టేషన్లో ఇంకో మాట: "ఇష్టపడే పోయింది కదమ్మా, ఇందులో కేసేముంది?" పనికని తీసుకెళ్లి, కాగితాలు లాక్కుని, కొట్టి, జీతం లేకుండా చేయించుకుంటే దాన్ని అక్రమ రవాణా అంటారని స్టేషన్లో కూర్చున్న ఆయనకు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకునే నేను చెప్పాల్సి వచ్చింది. విన్నాడా అంటే, ఫోన్ చూసుకున్నాడు. "చిన్న వయసులో అట్లా ఎట్లా పంపారమ్మా" అని అడిగినవాళ్లకైతే లెక్కే లేదు. పంపినవాళ్లను అడిగేవాళ్లు ఎక్కువ, అమ్ముకున్నవాణ్ని అడిగేవాళ్లు తక్కువ.

సరే, ఇది థాంక్స్ చెప్పే పోస్టు.

ఎంబసీ షెల్టర్లో అక్కతో తెలుగులో మాట్లాడిన మేడంకు. విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన మదద్ పోర్టల్లో ఫిర్యాదు ఎలా పెట్టాలో రాత్రిపూట ఫోన్‌లో చెప్పి చేయించిన తిరుపతి లాయరమ్మకు. ఎఫ్ఐఆర్ అయ్యేదాకా వదలని మహిళా సంఘం అక్కలకు. టికెట్ ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి వచ్చింది. అది విదేశాల్లో మన ఎంబసీల దగ్గర పాస్‌పోర్టు పనులకు వెళ్లినప్పుడు మీ దగ్గర అదనంగా తీసుకునే కొంత రుసుముతో నడిచే నిధి. కాబట్టి కువైట్‌లో ఎప్పుడైనా పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించుకున్న ప్రతి ఒక్కరికీ, మీకు తెలియకుండానే మా అక్కను ఇంటికి పంపారు.

డ్రైవరన్నకు, బకాలా తమ్ముడికి (అతనికి తెలుగు రాదు, ఎవరైనా చెప్పండి). నైటీలు ఇచ్చిన ఆమెకు. ఫీజు తీసుకోని డాక్టరమ్మకు. నేను సెలవులు పెట్టినన్ని రోజులూ నా క్లాసులు తీసుకున్న లెక్కల టీచరుకు.

ఒక విన్నపం. అక్క ఏడుస్తూ మాట్లాడిన వీడియో వాట్సాప్‌లో చాలా తిరిగింది. అప్పుడు దానివల్ల మేలే జరిగింది, షేర్ చేసినవాళ్లందరికీ దండం. ఇప్పుడు మీ ఫోన్లలో, గ్రూపుల్లో, పేజీల్లో ఉంటే తీసేయండి. యూట్యూబ్‌లో అక్క ఫోటో మీద బాణం గుర్తులు వేసి పెట్టినవాళ్లకు కూడా చెప్తున్నా. పెద్దోడికి పదేళ్లు, వాడు ఫోన్ చూస్తాడు.

ఎవరైనా ఇప్పుడు ఇలాంటి ఇంట్లో చిక్కుకున్నవాళ్ల తాలూకు వాళ్లయితే నాకు మెసేజ్ పెట్టండి. కొంచెం ఆలస్యమైనా జవాబు ఇస్తాను. ముందు ఆ కాగితం రాసిపెట్టుకోండి.

ఎడిట్: మర్చిపోయాను, చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చిన కారు డ్రైవరు పుత్తూరు దగ్గర ఆపి అక్కకు ఇడ్లీ తెచ్చి పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు.

ఎడిట్ 2: మహిళా సంఘం అక్కల్లో రమ్మన్నప్పుడల్లా స్కూటీ వేసుకుని వచ్చింది ఒకామె, ఆమెను విడిగా చెప్పలేదేమని మా అమ్మ కోప్పడుతోంది. చెప్పాను అమ్మా.