అలంకారం మార్చండి గానీ ఆనవాళ్లు తీసేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

తిరుపతి రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను సార్. జిరాక్సులు, ప్రింటౌట్లు, దర్శనం టికెట్లు, కరెంటు బిల్లులు, ఇదే పని. ఖాళీ ఉంటే ఒకరిద్దరి వెబ్‌సైట్లు కూడా చూసి పెడతాను, పెద్దగా చదివిందేం లేదు, చేసి చేసి నేర్చుకున్నదే. మొన్నీమధ్య ఆ పనిలోనే చేతులు కాల్చుకున్నా, అది రాస్తే ఊళ్లో ఆఫీసుల సైట్లు చూసేవాళ్లకి పనికొస్తాదని ఈ ఉత్తరం.

మా బావమరిదికి చిన్న లాడ్జి ఉంది. దానికి పదేళ్ల కిందట వర్డ్‌ప్రెస్‌లో, అంటే సైట్లు కట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, సైట్ చేసిచ్చినా. పాతదైపోయింది, ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమలమాదిరి కనిపిస్తాయి. "బావా, పక్క లాడ్జిలోళ్ల సైట్లు ఎట్ట మెరస్తా ఉండాయో చూడు, మనది పాత సత్రం లెక్క ఉంది" అని వాడు రోజూ పోరు పెట్టేవాడు. సరే అని ఒక రాత్రి సెంటర్ షట్టర్ దించేసి కొత్త థీమ్, అంటే సైట్ పైరూపం, ఎక్కించి యాక్టివేట్ నొక్కేసినా. ముందు సైట్‌కి ఇంకో కాపీ తీసి దాని మీద చూసుకోవాలని తెలుసు, తెలిసే చేసినా, నిద్రొస్తా ఉన్నింది.

పొద్దున్నే అనంతపురం నుంచి ఒక పెద్దాయన ఫోను. ఏటా పిల్లాజెల్లాతో వచ్చి అదే లాడ్జిలో దిగే మనిషి. "ఏమప్పా, మీ లాడ్జి పేరు పెట్టుకోని ఎవుడో దొంగ సైటు తెరిచినాడు, రంగులు వేరే, బొమ్మలు వేరే, మీ నంబరు కూడా లేదు, పోలీసులకి చెప్పండి" అన్నాడంట. నంబరు ఆయన ఫోన్‌లో ముందే ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఫోను కూడా వచ్చేది కాదు.

నవ్వొచ్చింది గానీ ఆయన అనుమానంలో తప్పేముంది సార్. మన ఊరి పేరు చెప్పి, స్వామి పేరు చెప్పి ఎన్ని నకిలీ సైట్లు వచ్చినాయో మీకు తెలుసు, నమ్మొద్దని దేవస్థానం వాళ్లు ఎన్నోసార్లు చెప్పినారు, కేసులు కూడా పెట్టినారు. 2024 జనవరిలో వాళ్ల సైట్ అడ్రస్ తిరుపతిబాలాజీ నుంచి టీటీదేవస్థానమ్స్‌కి మారినప్పుడు మా సెంటర్లో ప్రతి రెండో మనిషీ ఇది అసలుదేనా అని అడిగినోళ్లే. చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందా లేదా చూడండి అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. లాడ్జి సైట్‌కి అట్టాంటి గుర్తేం ఉంటుంది, జనానికి తెలిసింది దాని మొహమే, ఆ మొహం నేను రాత్రికి రాత్రి మార్చేసినా.

నా లెక్క ఏమంటే, 2005లో వర్డ్‌ప్రెస్ 1.5 వచ్చిన కాడి నుంచి థీమ్ విడిగా ఉంటుంది, రాతలూ ఫోటోల వివరాలూ డేటాబేస్‌లో భద్రంగా ఉంటాయి, అంటే మూలవిరాట్టు కదలదు, అలంకారమే మారతాది అని. కానీ అలంకారంతో పాటు కొన్ని నగలు కూడా పోతాయి. ఫోన్ నంబర్ పాత థీమ్ హెడర్ (పేజీ పైభాగం) సెట్టింగులో పెట్టినా, అది పోయింది. రూముల రేట్ల పట్టిక పాత థీమ్ సొంత షార్ట్‌కోడ్‌తో, అంటే ఆ థీమ్‌కి మాత్రమే అర్థమయ్యే బ్రాకెట్ల గుర్తుతో, కట్టింది, దాని చోట బ్రాకెట్ల మధ్య ఏదో మంత్రం ముక్క కనిపిస్తా ఉంది. తెలుగైతే చెప్పొద్దు, ఆ థీమ్ ఇంగ్లీషు కోసం చేసింది, లైన్‌కీ లైన్‌కీ సందు తక్కువ, పై లైను ఒత్తులు పోయి కింది లైను గుడుల్లో ఇరుక్కున్నాయి, హెడ్డింగుల్లో అక్షరాలు ఎడం ఎడంగా పళ్లూడినట్టు. థీమ్ అమ్మేవాడి డెమో చూసి మురిసిపోతే ఇంతే, ఆ డెమోలో ఒక్క తెలుగు ముక్క ఉండదు కదా.

అదృష్టం ఏమంటే వర్డ్‌ప్రెస్ ఏ థీమ్ సెట్టింగులు ఆ థీమ్ పేరు మీద దాచిపెడతాది, పాతదాన్ని మళ్లీ యాక్టివేట్ చేస్తే నంబర్ వచ్చేసింది. అప్పుడు బుద్ధిగా కాపీ సైట్ పెట్టుకుని రెండు వారాలు కూర్చున్నా. పాత ఆకుపచ్చ రంగు, పాత లోగో, నంబర్ పైనే, రేట్లు మామూలు పట్టికలో, అక్షరాలకి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి అనే తెలుగు ఫాంటు, లైన్ ఎత్తు అక్షరాల సైజుకి 1.8 రెట్లు. పేజీల అడ్రసులు ఒక్కటి కూడా ముట్టుకోలా, అవి విజిటింగ్ కార్డుల మీదా పాత వాట్సాప్ మెసేజుల్లోనూ తిరుగుతా ఉండాయి. సెంటర్‌కి వచ్చినోళ్ల చౌక ఫోన్లు అడిగి తీసుకుని వాటిల్లో చూసినా. వారం ముందు నుంచీ సైట్ పైన "మా సైట్ కొత్త రూపంలోకి మారబోతోంది, నంబర్ ఇదే" అని ఒక లైన్ పెట్టినా. ఈసారి దొంగ సైటని ఎవరూ ఫోన్ చెయ్యలా.

ఇంతకీ ఆఫీసుల వాళ్లకి నేను చెప్పేది ఇదే. పోయిన నెల ఒక పెద్దావిడ పెన్షన్ పనికని వచ్చింది, చేతిలో నోట్‌బుక్ కాగితం, బెంగళూరులో ఉండే కొడుకు వరసగా రాసిచ్చినాడు, పైన కుడిపక్క నీలం బటన్ నొక్కు, తర్వాత మూడోది నొక్కు అని. ఆ ఆఫీసు సైట్ అంతకు ముందు వారమే మారింది, నీలం బటన్ లేదు, మూడు గీతల బొమ్మ వెనకాల దాక్కుంది. ఆవిడ కాగితం వంక, స్క్రీన్ వంక మార్చి మార్చి చూసి "నేనే ఏదో తప్పు చేసినట్టున్నా నాయనా" అనింది. ఆవిడేం తప్పు చెయ్యలా సార్. మారుస్తున్నామని ముందు చెప్పి, నెల రోజులు పాత దారి కూడా ఉంచి ఉంటే ఆ కాగితం పనికొచ్చేది.

మీ పేపర్‌కీ ఒక మాట. మా అమ్మ కళ్లజోడు లేకపోయినా రాశిఫలాల పేజీ తిప్పేస్తాది. ఆ పేజీ ఎప్పుడన్నా మార్చాల్సొస్తే వారం ముందు మొదటి పేజీలో వేయండి, మా ఇంట్లో పొద్దున్నే గొడవ తప్పుతాది.

ఇట్లు,
నెట్ సెంటర్ నడుపుకునే ఒక పాఠకుడు,
తిరుపతి