కప్పకు మందు అడిగే ముందు ట్యాంకు నీళ్లు పట్టుకురండి

పర్లాకిమిడిలో మా అక్వేరియం షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. ఎండలు తగ్గేదాకా అక్వేరియంలో పెంచుకునే తెల్ల నీటి కప్పలు అమ్మడం లేదు. కలకత్తాకు కొత్త ఆర్డరు కూడా పెట్టలేదు. షాపులో ఉన్నవాటిని చూపించడానికి పిల్లల్ని తీసుకురండి, కాదనను. కానీ ఇమ్మంటే ఇవ్వను. అలాగే కప్పకు ఒంట్లో బాగాలేదని వచ్చేవాళ్లకు చేపల మందు సీసా ఇచ్చి పంపడం మా దగ్గర ఉండదు. పాతపట్నం, టెక్కలి, గుణుపురం నుంచి బస్సెక్కి పనిగట్టుకుని వస్తున్నారు, తీరా వచ్చాక నాతో గొడవ ఎందుకని ముందే చెప్తున్నాను. ఒడియాలో కూడా విడిగా రాసి పెట్టాను.

ఈ మధ్య పాతపట్నం నుంచి ఒకావిడ కొడుకుతో వచ్చారు. ఫోన్‌లో ఫోటో చూపించారు. కప్ప పొట్ట ఉబ్బిపోయి ఉంది, తొడల లోపలి వైపు ఎర్రటి చారలు. తిండి మానేసిందట, నీళ్లపైన ఒక పక్కకు ఒరిగి తేలుతోందట. ఎవరో చెప్పారని ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి పొడి ట్యాంకులో కలిపారు. ఇంకెవరో కల్లుప్పు వేయమంటే అదీ వేశారు. "అన్నయ్యా, ఇంకేమైనా గట్టి మందు ఉందా?" అని అడిగారు. నేను మందు సంగతి పక్కన పెట్టి, ట్యాంకు నీళ్లు ఒక సీసాలో తెమ్మన్నాను. కుర్రాడు సాయంత్రానికల్లా తెచ్చాడు.

గాజు గొట్టంలో ఆ నీళ్లు కొద్దిగా పోసి, నీళ్లు పరీక్షించే కిట్‌లోని చుక్కలు వేసి, ఊపి పెట్టాం. మా కిట్‌లో పసుపు రంగు ఉంటే అమ్మోనియా లేనట్టు. ఇది చూస్తుండగానే ముదురు ఆకుపచ్చకు తిరిగింది. "నీళ్లు అద్దంలా ఉన్నాయి కదండీ" అన్నారావిడ. అమ్మోనియాకు రంగుండదు. తేటగా కనిపించే నీళ్లలోనే కప్ప చర్మం కాలిపోతుంటుంది.

జరిగిందేమిటంటే, కప్ప విసర్జించేదీ మిగిలిపోయిన తిండి కుళ్లినదీ కలిసి అమ్మోనియా అవుతుంది. ఫిల్టర్ స్పాంజ్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు, నీళ్లు మారిస్తే పోతుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. యాంటీబయాటిక్ పొడి ట్యాంకులో పడితే జబ్బు సంగతి దేవుడెరుగు, ముందు ఈ మేలు చేసే బ్యాక్టీరియాకే దెబ్బ. జబ్బు కప్ప ఇంకా మురికి నీళ్లలో పడుతుంది. స్పాంజ్‌ను కుళాయి కింద పెట్టి పిండేవాళ్లూ ఇదే చేస్తున్నారు. ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లలోనే స్పాంజ్ కడగాలి, అదీ మెల్లగా.

పొట్ట ఉబ్బు, ఎర్ర తొడలు కనిపిస్తే చాలాసార్లు ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా లోపలికి చేరి ఉంటుంది. ఇది మామూలుగా నీళ్లలో ఉండేదే. కప్ప నీరసించినప్పుడు అదను చూసి పట్టుకుంటుంది. దీనికి మందు ఉంది, కానీ కప్ప బరువును బట్టి డాక్టరే మోతాదు లెక్కకట్టాలి. కప్ప చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటుంది. చేప తట్టుకునే మందు కప్పను చంపేయొచ్చు, రాగి కలిసినవి మరీను. ఉబ్బిన పొట్టను సూదితో పొడిచి నీళ్లు తీసే వీడియోలు తిరుగుతున్నాయి, దయచేసి ఆ పని చేయొద్దు.

ఆవిడకు నేను చెప్పింది ఇంతే. మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి, మూతకు చిల్లులు పెట్టండి. క్లోరిన్ పోగొట్టిన నీళ్లు తక్కువ లోతులో పోయండి. కప్ప ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, నీరసంగా ఉన్నప్పుడు పైకి ఈదలేక మునిగి చచ్చిపోతుంది. దాక్కోవడానికి ఒక చిన్న కుండ పెట్టండి. రోజూ నీళ్లు మార్చండి, కొత్త నీళ్లు పాత నీళ్లంత వేడిలోనే ఉండాలి. మా ఊరి పశువుల డాక్టరుగారు ఆవుల్ని, మేకల్ని చూసేవారే అయినా కాదనలేదు, తెలిసిన ఇంకో డాక్టరును ఫోన్‌లో కనుక్కుని మందు రాశారు. పెద్ద కప్ప, అంటే ఆడది, తేరుకుంది. దాని జత బతకలేదు. అంతకన్నా పెద్ద కేసైతే గరివిడిలోనూ భువనేశ్వర్‌లోనూ పశువైద్య కళాశాలలున్నాయి.

ఒక మాట. కప్ప ఒంటి మీద పల్చటి పొర ఊడి వేలాడుతుంటే కంగారు పడకండి. అది పాత చర్మం, విడిచి తనే తినేస్తుంది. దూదిలా గుత్తులు గుత్తులుగా తెల్లగా పెరిగితే మాత్రం ఫంగస్. ఫోటో పంపిస్తే తేడా చెప్తాను.

ఎండాకాలం అమ్మకం ఎందుకు ఆపానో కూడా చెప్పాలి. ఇవి దక్షిణాఫ్రికా వైపు కప్పలు, జెనోపస్ లేవిస్ అంటారు. 1930ల నుంచి చాలా ఏళ్లు ఆడవాళ్ల గర్భ పరీక్షకు వీటిని వాడారు, అలా ప్రపంచమంతా తిరిగాయి. వీటికి నీళ్లు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే హాయి. మే నెలలో మన ఇళ్లలో కుళాయి తిప్పితేనే వేడినీళ్లు వస్తాయి. పైగా నీళ్లు వేడెక్కే కొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. గాలివానకు కరెంటు పోయి ఫిల్టర్ గంటల తరబడి ఆగిందంటే స్పాంజ్‌లో బ్యాక్టీరియా చచ్చిపోవడం మొదలవుతుంది. 2018లో తిత్లీ తుఫాను వచ్చాక ఈ జిల్లాలో కరెంటు కోసం ఎన్ని తంటాలు పడ్డామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పటికే కప్పలు ఉన్నవాళ్లు నీళ్లు గడ్డకట్టించిన సీసాను మూత బిగించి ట్యాంకులో తేలనివ్వండి, పైన ఫ్యాను పెట్టండి. ఐస్ ముక్కలు నేరుగా వేయకండి, వేడి ఒక్కసారిగా పడిపోతే అదీ ప్రమాదమే.

మున్సిపాలిటీ నీళ్లు వాడేవాళ్లు యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరిగా వేయండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం, తిన్నాక మిగిలిన తిండి పావుగంటలో తీసేయడం చాలు. పెద్ద కప్పలకు వారానికి రెండు మూడు సార్లు తిండి పెడితే సరిపోతుంది. మింగేంత చిన్న గులకరాళ్లు అడుగున పోయొద్దు, కడుపులో ఇరుక్కుంటాయి. కప్పను ముట్టుకున్నాక పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి. అమెరికాలో 2009, 2011 మధ్య ఇంట్లో పెంచే చిన్నరకం నీటి కప్పల వల్ల పిల్లలకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకింది.

కప్పలు అమ్మకపోతే నాకు నష్టమే, అబద్ధం ఎందుకు. మందు సీసాల మీద కూడా నాలుగు డబ్బులు వచ్చేవి. అయినా కొన్న కప్ప చచ్చిపోయిందని పిల్లాడు ఏడుస్తూ కౌంటరు ముందు నిలబడితే మళ్లీ ఆ ఇంటివాళ్లు ఈ షాపు గుమ్మం తొక్కరు, వ్యాపారంగా చూసినా ఇదే లెక్క. ఎండలు తగ్గి మళ్లీ అమ్మడం మొదలుపెట్టాక కప్ప కావాలంటే ముందు నీళ్లు తెచ్చి టెస్ట్ చేయించుకోవాలి. టెస్ట్‌కు డబ్బులు తీసుకోను, కప్ప మా దగ్గర కొనకపోయినా సరే. శుభ్రమైన సీసాలో నిండా పట్టండి, కూల్‌డ్రింక్ వాసన వచ్చేవి వద్దు.

పెంచలేమనుకుంటే మహేంద్రతనయ నదిలోనో చెరువులోనో వదలకండి. ఇవి చిలీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల బయటపడి అక్కడి జీవుల్ని తినేస్తున్నాయి. మన కప్పలకు పట్టే చర్మపు ఫంగస్‌ను కూడా మోస్తాయి. షాపుకు తెచ్చివ్వండి, వెనక గదిలో రెండు ట్యాంకులు వాటికోసమే ఖాళీ చేశాను. డబ్బు వాపసు ఉండదు. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది, ఆ టైములో గుమ్మం దగ్గర పెట్టి వెళ్లొద్దు, ఎండకు చచ్చిపోతాయి.